బడి ఉన్న రోజే కడుపునొప్పి... ఫోన్ లాక్కుంటే తగ్గుతుందా?

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. క్లాస్ గ్రూపులో ఎవరో తన ఫొటోను వికారంగా మార్చి స్టిక్కర్ చేశారు. అప్పటి నుంచే పొద్దున్నే కడుపునొప్పి అంటోంది, బడికి వెళ్లనంటోంది. అసలు సంగతి మాకు 3 వారాల తర్వాత గానీ తెలియలేదు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. బడిలో చెబితే ‘ఇంట్లో ఫోన్ ఇవ్వకండి’ అన్నారు. లాక్కోవడమే మంచిదా డాక్టర్?

జవాబు: స్కానింగ్‌లో ఏమీ కనిపించనంత మాత్రాన పాప నటిస్తోందనుకోకండి అమ్మా. భయం, అవమానం పేగుల కదలికనే మార్చేస్తాయి. మామూలుగా మనకు తెలియని కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. బడి ఉన్న రోజు వచ్చి, సెలవు రోజు మాయమయ్యే నొప్పి ఎక్కువగా ఈ రకమే. అయితే బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి, ఆగని వాంతులు, మలంలో రక్తం, జ్వరం... వీటిలో ఏది ఉన్నా మళ్లీ పరీక్ష చేయించాలి.

ఇక ఫోన్. లాక్కోవద్దు. స్టిక్కర్ కంటే ఆ 3 వారాలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చెప్పేది ఒకటే: ‘చెబితే ఫోన్ తీసేసుకుంటారు’. తప్పు వేరొకరిదై శిక్ష తనకు పడితే, రేపు ఇంతకన్నా పెద్ద ఆపద వచ్చినా మీకు చెప్పదు. ‘చెప్పి మంచి పని చేశావు, ఫోన్ నీ దగ్గరే ఉంటుంది’ అని ఈ రాత్రే చెప్పండి. పడుకునేటప్పుడు మాత్రం ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టండి, మీవి కూడా. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. గ్రూపులో ఏమన్నారోనని అర్ధరాత్రి లేచి చూసుకునే పిల్లలకు అది దొరకదు.

తేదీ, పంపినవారి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. తల్లిదండ్రుల గ్రూపులో గొడవకు దిగొద్దు. (బట్టలు లేనట్టు మార్చిన ఫొటో అయితే దారి వేరు. స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ పంపొద్దు, పోలీసులకు చెప్పండి. 18 ఏళ్లలోపు వారి అలాంటి ఫొటోలను తీయించడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎక్కడికీ పంపకుండానే దాని డిజిటల్ వేలిముద్రతో, అంటే ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్‌తో పనిచేస్తుంది.)

బడికి మళ్లీ వెళ్లండి, ఈసారి కాగితం మీద రాసివ్వండి. ఆ గ్రూపులో చూసి నవ్వినవాళ్లున్నారు, చూసి ఊరుకున్నవాళ్లున్నారు. నేర్పాల్సింది ముఖ్యంగా వాళ్లకి. ఏడాదికోసారి అందరినీ కూర్చోబెట్టి ‘ఇంటర్నెట్‌తో జాగ్రత్త’ అని భయపెడితే పిల్లలు దాచడం నేర్చుకుంటారు. ఇలాంటి సందర్భాన్నే పేర్లు లేకుండా తరగతిలో చర్చకు పెట్టాలి. ‘ఇది నీ ఫోన్‌కు వస్తే ఏం చేస్తావు? ఆ అమ్మాయికి ఏమని రాస్తావు?’ అని అడిగి వాళ్ల నోటితోనే చెప్పించాలి, ఒక్కసారి కాదు, ఏడాది పొడవునా. ‘నేను నీ వైపే’ అని ఆ రోజు ఒక్క మెసేజ్ వచ్చుంటే మీ పాపకు ఇంత కష్టం ఉండేది కాదేమో. ఏ టీచర్‌కు చెప్పుకోవాలో ప్రతి పిల్లకూ తెలియాలి. చెప్పినవారి ఫోన్ లాక్కోబోమని బడి మాటివ్వాలి. స్టిక్కర్ చేసిన పిల్లలతోనూ కూర్చుని మాట్లాడాలి, వాళ్లూ పిల్లలే.

బడి మాత్రం మాన్పించకండి. మానేకొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. మొదటి వారం ఒంటిపూట అయినా ఫర్వాలేదు, తనకు నచ్చిన టీచర్ గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడండి. 2 వారాల్లో తేడా కనిపించకపోయినా, తిండీ నిద్రా తగ్గినా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి వినిపించినా ఆ రోజే తీసుకెళ్లండి, అప్పటిదాకా తనను ఒంటరిగా వదలొద్దు.