వరంగల్ సీటా, ఇంటి దగ్గర మొదటి స్థానమా?

ప్రశ్న: మా అమ్మాయికి ఐఐటీ, నిట్ వంటి కేంద్ర సంస్థల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో వరంగల్ నిట్‌లో మెటలర్జీ (లోహశాస్త్రం) సీటు వచ్చింది. దగ్గర్లోని ఒక ప్రైవేటు కాలేజీ ఫీజు లేకుండా కంప్యూటర్ సైన్స్ సీటు ఇస్తానంటోంది. అక్కడైతే తనే క్లాస్ ఫస్ట్. ఇంటర్‌లో వారం వారం గోడకు అంటించే ర్యాంకుల జాబితాను చూడకుండానే వెళ్లిపోయేది. నిట్‌లో వెనకబడుతుందేమోనని భయం. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: మీ ఉత్తరంలో ఆ గోడ గురించి రాసిన వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మీ భయం నిజమైనదే. నిట్‌కు వచ్చే ప్రతి విద్యార్థీ తన బడిలో ముందు వరసలో ఉన్నవాడే కాబట్టి, వారిలో సగం మంది తరగతి మధ్య గీతకు కింద ఉండక తప్పదు. తోటివారి మార్కులతో పోల్చి గ్రేడు ఇచ్చే చోట మొదటి సెమిస్టర్ ఫలితాలు చాలామందిని కుంగదీస్తాయి. అయితే ఇంటర్‌లో ఆమెను బాధపెట్టింది తెలివైనవాళ్ల మధ్య ఉండటమా, లేక ప్రతి వారం అందరి ముందూ తూకం వేయించుకోవడమా అన్నది మీరు ఆమెనే అడగాలి. ఈ రెండూ ఒకటి కావు.

ఇక క్లాస్ ఫస్ట్ సంగతి. చిన్న కాలేజీలో ముందుండే విద్యార్థికి దక్కేవి తక్కువేమీ కావు. అధ్యాపకులు పేరు పెట్టి పిలుస్తారు, ప్రాజెక్టులో పెద్ద పని అప్పగిస్తారు, విదేశాల్లో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేసే రోజున మనసుపెట్టి సిఫార్సు లేఖ రాస్తారు. కానీ అలా చేయగల అధ్యాపకులు అక్కడ ఉండాలి. అందుకే గత మూడేళ్లలో ఆ బ్రాంచిలో మొదట నిలిచినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో అడగండి. జవాబుకు బదులు హోర్డింగుల మీది ప్యాకేజీ అంకెలు చూపిస్తే మీకు విషయం అర్థమవుతుంది. ఫీజు మినహాయింపు నాలుగేళ్లకూ వర్తిస్తుందా, ఏటా ఇంత సీజీపీఏ (సగటు గ్రేడు) ఉండాలన్న షరతు ఉందా అన్నది కాగితం మీద రాయించుకోండి.

మీరు అడగని మరో విషయం బ్రాంచి. మెటలర్జీ అంటే మిగిలిపోయిన సీటు అన్న చిన్నచూపు మన ఇళ్లలో ఉంది, అది నాకు బాధ కలిగిస్తుంది. హైదరాబాద్‌లోనే రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వంటి సంస్థలు ఈ విద్య మీదే నడుస్తున్నాయి. లోహం ఎందుకు విరుగుతుంది, ఎందుకు తుప్పు పడుతుంది అన్న ప్రశ్నల పట్ల మీ అమ్మాయికి కాస్తయినా ఆసక్తి ఉంటే, 1959 నుంచి ఇంజినీరింగ్ చెబుతున్న వరంగల్‌నే ఎంచుకోమంటాను. అక్కడ ఇరవయ్యో స్థానంలో ఉన్నా, పక్క గదిలోని స్నేహితుల నుంచి నేర్చుకునేది ఎంతో ఉంటుంది. అలా కాక, కోడింగ్ తప్ప మరేదీ వద్దని ఆమె స్పష్టంగా చెబితే, బ్రాంచి మార్పు మీద ఆశ పెట్టుకుని మాత్రం నిట్‌లో చేర్చకండి, ఆ అవకాశం చాలా కొద్దిమందికే దొరుకుతుంది. అప్పుడు, పైన చెప్పినవన్నీ సరిపోతే, రెండో కాలేజీలో నిశ్చింతగా చేర్చవచ్చు.

సీటు ఖరారు చేసే గడువులోగా ఒక రోజు ఆమెను వరంగల్ తీసుకువెళ్లండి. మెటలర్జీ చదువుతున్న ఇద్దరు సీనియర్ అమ్మాయిలతో, మొదటి సెమిస్టర్ ఎలా గడిచిందో ఆమెనే మాట్లాడనివ్వండి. ఆ గంటసేపు మీరు వాళ్ల పక్కన ఉండకండి.