రైస్ స్విఫ్టా, స్మాల్ బ్రాండెడ్ స్విఫ్టా: ఎలా తేల్చుకోవాలి?

వరి గట్ల మీద ఎగిరే గోధుమరంగు స్కిప్పర్ (చిన్న సీతాకోకచిలుక) ఈ రెండిట్లో ఏదని అడిగారు. ముందు రెక్క చుక్కలు లెక్కపెడితే ఫొటోకో లెక్క వస్తోందన్నారు. వస్తుంది మరి! ఒకే జాతిలోనూ ఆ చుక్కలు మారుతుంటాయి. పైగా రెక్కలు మూసి వాలినప్పుడు కొన్ని వెనక రెక్క చాటున పడిపోతాయి.

మొదట వెనక రెక్క అడుగువైపు చూడండి. రెక్క మొదలు నుంచి మధ్యదాకా ఈనెలు లేని ఖాళీ జాగా ఉంటుంది. దాన్ని గది అంటాం. వంపుగా ఉన్న చుక్కల వరుస కాకుండా, ఈ గదిలో విడిగా ఓ చిన్న తెల్లచుక్క ఉంటే అది పెలోపిడాస్ ప్రజాతి, అంటే బ్రాండెడ్ స్విఫ్టుల వైపు. లేకపోతే రైస్ స్విఫ్ట్ కావచ్చు, స్ట్రెయిట్ స్విఫ్ట్ కావచ్చు. వెనక రెక్క అడుగున నాలుగు చుక్కలు దాదాపు తాడు పట్టినట్టు తిన్నగా ఉండి, మీసాలు ముందు రెక్క పై అంచులో సగం కూడా లేకపోతే స్ట్రెయిట్ స్విఫ్టే.

రైస్ స్విఫ్ట్‌కు ముందు రెక్క పైవైపు, వెనక అంచు దగ్గర పసుపు చుక్క ఒకటుంటుంది. మిగతావి గాజు పలకల్లా వెలుతురు దూరేవి, ఇది దూరనిది. పెలోపిడాస్‌లోనే మరో జాతి కంజాయిన్డ్ స్విఫ్ట్‌కూ ఇలాంటిదే ఉంటుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మొద్దు. ఇంకో చిక్కు: ఇది పొలుసులతో ఏర్పడిన చుక్క, ముసలి సీతాకోకచిలుకల్లో రాలిపోతుంది. గాజు చుక్కలకు ఆ బెడద లేదు.

బ్రాండెడ్ మగదానికి ముందు రెక్క పైవైపు ఏటవాలుగా సన్నని బూడిదరంగు గీత ఉంటుంది. ఉదయం ఎండ కాచుకుంటూ రెక్కలు సగం విప్పినప్పుడే అది దొరుకుతుంది. ఫ్లాష్ వేస్తే మెరుపులో కలిసిపోతుంది, వేయకండి. ముందు రెక్క గదిలోని రెండు చుక్కలను కలుపుతూ ఓ గీతను ఊహించి కిందికి పొడిగించండి. అది ఆ బూడిద గీతను కోస్తే స్మాల్ బ్రాండెడ్, కోయకుండా పక్కనుంచి పోతే అబ్‌స్క్యూర్ బ్రాండెడ్. రెక్కకు ఎదురుగా తీసిన ఫొటోలోనే ఈ పరీక్ష పనికొస్తుంది, వాలుగా తీస్తే గీత తప్పుతుంది.

ఆడదానికి ఆ గీత ఉండదు. ఫొటో చూసి స్మాల్ బ్రాండెడో అబ్‌స్క్యూర్ బ్రాండెడో తేల్చడం కష్టం. అప్పుడు పెలోపిడాస్ అని రాసి ఆపేయండి.