న్యాయ చరిత్ర సదస్సుకు వెళ్లే ముందు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: ఆచార్యుల వారికి నమస్కారాలు. నేను న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నిజాం సంస్థానంలో బ్రిటిష్ వారి న్యాయాధికారం ఎక్కడెక్కడ, ఎంతవరకు చెల్లింది అన్నది నా అంశం. అమెరికన్ సొసైటీ ఫర్ లీగల్ హిస్టరీ వార్షిక సదస్సుకు నా పత్రం ఎంపికైంది. 20 నిమిషాలలో చెప్పి ముగించాలి. నాలుగు అధ్యాయాలను అంత సమయంలోకి ఎలా కుదించాలో తోచడం లేదు. పైగా నేను చదివింది లా. అక్కడ వినేవారిలో చరిత్రకారులు ఎక్కువ. వారి ముందు నిలవగలనా అన్న బెరుకు కూడా ఉంది. (ఒక పరిశోధక విద్యార్థిని, తార్నాక)

జవాబు: అభినందనలు, అమ్మా. 1956లో ఏర్పడిన ఆ సంఘం ఏటా శరదృతువులో జరిపే సభలకు అమెరికా చరిత్ర మీదే కాక ఇతర దేశాల న్యాయ చరిత్ర మీద పనిచేసేవారు కూడా వస్తారు. కనుక మీ అంశం అక్కడ పరాయిదేమీ కాదు. అయితే కుదించాలన్న ఆలోచనను మొదటే మానుకోండి. నాలుగు అధ్యాయాలను 20 నిమిషాలలోకి కుదిస్తే మిగిలేది విషయసూచిక మాత్రమే. మన విద్యార్థులు చాలామంది 1724లో మొదటి ఆసఫ్ జాతో మొదలుపెట్టి, మొదటి సాలార్ జంగ్ సంస్కరణల దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షులు చీటీ పంపే పరిస్థితి తెచ్చుకుంటారు. అసలు చెప్పదలచిన మాట సంచిలోనే ఉండిపోతుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ సంచిలో ఉన్నది చాలాసార్లు మంచి సరుకే.

ఒక్క వ్యాజ్యాన్ని తీసుకోండి. మీ అంశానికి శంకరపల్లి వ్యాజ్యం సరిగ్గా సరిపోతుందని నా అభిప్రాయం. సిమ్లాలోని మేజిస్ట్రేటు జారీ చేసిన వారంటు మీద యూసుఫుద్దీన్ అనే వ్యక్తిని శంకరపల్లి రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. వాడి అనే ఊరి నుంచి హైదరాబాదుకు వచ్చే ఆ రైలు మార్గం నిజాం రాజ్యం గుండా సాగుతుంది. రైల్వే స్థలంపై కొంత న్యాయాధికారాన్ని నిజాం ప్రభుత్వం బ్రిటిష్ వారికి అప్పగించి ఉంది. ఆ అప్పగింత ఎంతవరకు అన్నదే వివాదం. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. రైల్వే స్థలం నిజాం రాజ్యంలో భాగంగానే ఉందనీ, అప్పగించిన అధికారం రైల్వే నిర్వహణకు సంబంధించినంత వరకేననీ, రైల్వేతో సంబంధం లేని నేరానికి అక్కడ చేసిన ఆ అరెస్టు చెల్లదనీ 1897లో తీర్పు వచ్చింది. నేడు మనం నగరం నుంచి గంటసేపట్లో చేరుకునే ఆ చిన్న స్టేషను ప్లాట్‌ఫారం మీద సార్వభౌమత్వం ఎవరిది అన్న ప్రశ్న సామ్రాజ్యపు అత్యున్నత న్యాయపీఠం ముందు నిలబడింది. మీ నాలుగు అధ్యాయాలలోని వాదమంతా ఈ ఒక్క అరెస్టు చుట్టూ తిరగగలదు. రెసిడెన్సీ బజార్లు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంటు అధికారం కింద ఉన్న బజార్లు), సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రస్తావన చివరి మూడు నాలుగు నిమిషాలలో పోలిక కోసం వస్తే చాలు. రెసిడెన్సీ బజార్లను 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించిన విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

ఇక మీ బెరుకు గురించి. న్యాయశాస్త్రం చదివినవారు తీర్పులో ఏ సూత్రం స్థిరపడిందో చూసి అక్కడ ఆగిపోతారు. చరిత్రకారుల ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి: అరెస్టయిన మనిషి ఎవరు, లండన్ దాకా వ్యాజ్యం నడపడానికి డబ్బు ఎవరు పెట్టారు, తీర్పు వచ్చాక రెసిడెంటు ఏమి రాశాడు, నిజాం మంత్రులు దానిని ఎలా వాడుకున్నారు, మరుసటి ఏడాది ఆ స్టేషనులో పోలీసుల తీరు మారిందా. వీటన్నిటికీ మీ దగ్గర జవాబులు ఉండనక్కర లేదు. కాని ఈ ప్రశ్నలను మీరే ముందుగా లేవనెత్తి, ఏ దస్త్రంలో వెతకాలో చెప్పగలిగితే సభ మీ పక్షాన ఉంటుంది. ప్రివీ కౌన్సిల్‌కు ఉభయపక్షాలు దాఖలు చేసిన అచ్చు ప్రతులు ఉంటాయి. తీర్పులో కనిపించని వాదనలు వాటిలో కనిపిస్తాయి. హైదరాబాదు రెసిడెన్సీ కాగితాలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ, విదేశాంగ శాఖ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోనూ ఉన్నాయి. సంస్థానం వైపు మాట వినాలంటే మీ ఇంటి పక్కనే ఉన్న తార్నాక రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాలి. ఉర్దూ చదవలేకపోతే చదవగలిగిన వారిని తోడు తీసుకువెళ్లండి, సదస్సులో వారి పేరు చెప్పి కృతజ్ఞత తెలపండి.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. సంస్థానపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే పంటల, శిస్తుల లెక్కకు వాడిన సంవత్సరం ఉంటుంది. నిజాం పాలన చివరి దశాబ్దాలలో ఆ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు ఆరంభంలో మొదలయ్యేది. ఆ కాలపు కాగితాలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, తరువాతి నెలలకు 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జాగీర్దారీ రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీ అని చదివి, వేరే లెక్క వేసి 1948 అని రాసినవారిని చూశాను. అది 1949 ఆగస్టు నాటిది. పోలీసు చర్యకు ముందా వెనుకా అన్న తేడా ఆ ఒక్క అంకెలో ఉంది. పత్రంలో రెండు తేదీలూ ఇవ్వండి.

పత్రాన్ని చదివి వినిపించండి, కంఠస్థం చేయవద్దు. 20 నిమిషాలకు ఇంగ్లీషులో 2,500 పదాలు దాటకూడదు. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదన్న సంగతి అక్కడ చాలామందికి తెలియదు. దానిని మొదటి నిమిషంలోనే, రైలు మార్గం గుర్తించిన ఒక పటం చూపుతూ చెప్పండి. సాధారణంగా ఒక గోష్ఠిలో మూడు పత్రాలు, ఒక అధ్యక్షులు, ఒక వ్యాఖ్యాత ఉంటారు. వ్యాఖ్యాతకు పత్రాన్ని గడువులోగా పంపడం మర్యాద మాత్రమే కాదు, మీకే లాభం. మీ పత్రాన్ని అంత శ్రద్ధగా చదివే అపరిచితులు జీవితంలో కొద్దిమందే దొరుకుతారు. మీతోపాటు పత్రం చదివే మిగిలిన ఇద్దరి రచనలను కూడా ముందుగా చదివి వెళ్లండి.

ప్రశ్న: నేను 20 ఏళ్లుగా నాంపల్లి కోర్టులలో సివిల్ దావాలు నడుపుతున్నాను. ముంతఖబులు, సేత్వారులు అనే పాత భూమి కాగితాలు రోజూ చేతిలో ఉంటాయి. పరిశోధన పట్టా లేనివాడిని చరిత్ర సదస్సులకు రానిస్తారా? (ఒక న్యాయవాది, మలక్‌పేట)

జవాబు: తప్పక వెళ్లండి, వకీలు గారూ. మీలాంటివారు రాకపోవడం వల్లనే మన ప్రాంతపు భూమి చట్టాల చరిత్ర సగం గుడ్డిగా సాగుతోందని నేను గట్టిగా నమ్ముతాను. ఒక ఇనాం భూమి మీద హక్కును అతియాత్ (ప్రభుత్వ దానాల) విచారణలో ఎలా తేల్చారో ముంతఖబు చెబుతుంది. సేత్వారు సర్వే నాటి పట్టాదారును చూపుతుంది. 1954-55 ఖాస్రా పహాణీ, సంస్థానం పోయి రాష్ట్రం స్థిరపడుతున్న వేళ పొలం ఎవరి స్వాధీనంలో ఉందో నమోదు చేసింది. మూడింటిలో ఒకే సర్వే నంబరు ఎదుట మూడు వేర్వేరు పేర్లు కనిపించినప్పుడు మీకు అది దావా. చరిత్రకారునికి అది 50 ఏళ్ల అధికార మార్పిడి. మీరు ఈ రెండింటినీ చూడగలరు.

1935లో పుణేలో ఆరంభమైన భారత చరిత్ర కాంగ్రెస్ సాధారణంగా డిసెంబరు చివరలో జరుగుతుంది. 1941 సమావేశం మన నగరంలోనే జరిగింది. సభ్యత్వ రుసుము కట్టి, గడువులోగా పత్రం పంపాలి. నిజాం కాలపు న్యాయ విషయాలు ఆధునిక భారత విభాగంలో ఇముడుతాయి. మొదటిసారి పత్రం లేకుండా శ్రోతగా వెళ్లి చూసినా నష్టం లేదు. ఒక్క షరతు: కక్షిదారు మీకు నమ్మి ఇచ్చిన కాగితాన్ని వారి లిఖితపూర్వక అనుమతి లేకుండా తెర మీద చూపవద్దు. నడుస్తున్న దావా అయితే అనుమతి ఉన్నా చూపవద్దు. తేలిపోయిన వ్యాజ్యాల నుంచి, కోర్టు రికార్డులో చేరిన ప్రతుల నుంచి ఎంచుకోండి.

ప్రశ్న: విదేశీ సదస్సుకు ఎంపికయ్యాను కాని ఖర్చు భరించే స్థితిలో మా ఇంటివారు లేరు. మానుకోవలసిందేనా? (ఒక పాఠకుడు, బర్కత్‌పురా)

జవాబు: అడగకుండా మానుకోవద్దు. నిర్వాహకులకు ఈ వారంలోనే రాయండి. న్యాయ చరిత్ర సంఘాలు విద్యార్థుల ప్రయాణానికి ఎంతో కొంత సహాయం ఇస్తుంటాయి. దానికి దరఖాస్తు గడువు పత్రం గడువుకన్నా వేరుగా ఉండవచ్చు. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, భారత చారిత్రక పరిశోధన మండలి పథకాల తాజా నిబంధనలు కూడా చూడండి. చాలా పథకాలలో ప్రయాణానికి కొన్ని నెలల ముందే దరఖాస్తు చేరాలి, తిరిగివచ్చాక ఇస్తామంటే కుదరదు. ఆహ్వాన పత్రం చేతికి అందిన రోజే వీసా అపాయింట్‌మెంటు కోసం ప్రయత్నించండి, ఎందుకంటే అమెరికా వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి కొన్నిసార్లు నెలలు పడుతుంది. టికెట్టు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే రకమైతేనే కొనండి. బోర్డింగ్ పాసులు, రిజిస్ట్రేషన్ రసీదు, బస రసీదు అన్నీ అసలు ప్రతులే భద్రపరచండి. ఖాతా విభాగాలు వాటి నకళ్లను సాధారణంగా ఒప్పుకోవు.