కర్పూరం మాయం కాలేదు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మూడో పేజీలో ఒక్క మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. 'దుర్గమ్మ గుడి హారతి పళ్లెంలో కర్పూరం మండి మాయమైపోయినట్టు' అని రాశావు. తొమ్మిదో తరగతి పిల్లలకు ద్రవ్యనిత్యత్వ నియమం, అంటే రసాయన మార్పులో మొత్తం ద్రవ్యరాశి పెరగదు, తరగదు అని చెబుతూ మాయమైపోయింది అంటావా? పిల్లలు నియమాన్ని మర్చిపోతారు, కర్పూరాన్ని మర్చిపోరు.

ఎక్కడికి పోయిందో లెక్క చెప్పు. కర్పూరం అణువులో పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. మసి లేకుండా పూర్తిగా మండిందనుకో, 152 గ్రాముల కర్పూరం గాలిలోంచి 432 గ్రాముల ఆక్సిజన్ లాక్కుంటుంది. 440 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 144 గ్రాముల నీటి ఆవిరి వస్తాయి. అటు 584, ఇటు 584. మండాక తయారైంది కర్పూరం కంటే దాదాపు నాలుగింతలు బరువు! ఇంత ఆశ్చర్యం చేతిలో ఉండగా మాయతో నీకేం పని?

అంకెలు వేస్తే ఎవరూ చదవరని నీకెవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. నా మొదటి వ్యాసంలో పిడుగురాళ్ల సున్నపు బట్టీల లెక్క రాశాను: 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి 'రాయి కాలి తేలికవుతుంది' అని అచ్చేశాడు. ముప్పై ఏళ్లయింది, ఆ కోపం పోలేదు. ఆ 44 కిలోలే కదా కథంతా! గోడకు కొట్టిన సున్నం ఆరుతూ అదే వాయువును గాలిలోంచి మళ్లీ పీల్చుకుని గట్టిపడుతుంది. అదీ కొట్టేశాడు.

బడిలో పాఠం చెప్పే రోజుల్లో నేనూ ఓసారి బోల్తా పడ్డాను. ప్లాస్టిక్ సీసాలో వెనిగర్ పోసి, వంట సోడా నింపిన బూరను మూతికి బిగించాను. బంగారం కొట్టు నుంచి అడిగి తెచ్చిన త్రాసు మీద పెట్టి, బూర పైకెత్తాను. సోడా లోపల పడింది, వాయువు పుట్టి బూర ఉబ్బింది, తూకం గ్రాము పైగా తగ్గింది. ఎక్కడా కారలేదు. 'నియమం తప్పా సార్?' అని ముందు వరసలో పిల్ల అడిగితే నోట మాట రాలేదు. ఆ సాయంత్రం కాలవ గట్టున బిందె ముంచుతున్న ఆవిణ్ణి చూశాక వెలిగింది. నీళ్లలో ఉన్నంతసేపూ తేలిక, పైకి తీస్తే బరువు. ఉబ్బిన బూర లీటరు గాలిని పక్కకి నెట్టింది. లీటరు గాలి 1.2 గ్రాములు. ఆ మేరకు గాలి బూరను పైకి తోసింది, ద్రవ్యరాశి మాత్రం తగ్గలేదు. మర్నాడు ఆ పిల్లకే ముందు చెప్పాను.

1774లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే మూసిన పాత్రలో తగరం కాల్చి, తెరవకముందు ఓసారి, తెరిచాక ఓసారి తూచాడు. తెరవకముందు తేడా లేదు. లోపలి గాలిలో కొంత తగరంతో కలిసిపోయింది కదా, తెరవగానే బయటి గాలి లోపలికి దూసుకొచ్చి బరువు పెరిగింది. నువ్వు ఆయన పుట్టిన తేదీ రాసి, ఇది వదిలేశావు.

ఇక పరమాణువును సౌరకుటుంబంలా గీసిన ఆ బొమ్మ. ఏ సైన్సు పుస్తకం అట్ట చూసినా అదే, విసుగొచ్చింది. తీసెయ్. పరమాణువు అధ్యాయం నీ వ్యాసంలో విడిగా పడి ఉంది, దాన్ని కర్పూరానికి కట్టు. 1911లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ చెప్పినట్టు పరమాణువు బరువు దాదాపు అంతా నడిమధ్య ఉండే చిన్న కేంద్రకంలోనే. దాని చుట్టూ ఉండే ఎలక్ట్రాన్ బరువు కేంద్రకంలోని ప్రోటాన్ బరువులో 1836వ వంతు. మంట కేంద్రకం జోలికే పోదు, బయటి ఎలక్ట్రాన్ల పొత్తులు మారతాయంతే. అందుకే మంటకు ముందు పది కార్బన్లుంటే తర్వాతా పదే.

పుస్తకంగా ఎవరు వేస్తారని అడిగావు. ముందు మూడో పేజీ సంగతి చూడు. గట్టి కూల్‌డ్రింక్ సీసాలో కాస్త వెనిగర్ పోసి, చిటికెడు సోడా ఉన్న చిన్న గొట్టాన్ని దారంతో లోపల వేలాడదియ్యి. మూత బిగించి తూచు, సీసా ఒంచు, మళ్లీ తూచు. సోడా ఎక్కువ వెయ్యకు, సీసా పగులుతుంది. తర్వాత మూత తీసి మూడోసారి తూచు. వచ్చిన మూడు అంకెలూ వచ్చినట్టే రాసి పంపు.