మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌కి అంత పేరెందుకు?

మోటౌన్ అనే రికార్డు కంపెనీ అంటే అప్పట్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ప్రేమపాటల ఫ్యాక్టరీ. గాయకుడు మార్విన్ గే కూడా ఆ పాటలతోనే స్టార్ అయ్యాడు. అలాంటివాడు యుద్ధం, పేదరికం గురించి పాడతానంటే యజమాని బెర్రీ గోర్డీకి మింగుడుపడలేదు. 'వాట్స్ గోయింగ్ ఆన్' పాట విడుదల చేసేదాకా ఇంకేదీ రికార్డ్ చేయనని గే మొండికేశాడు. 1971 జనవరిలో ఆ పాట సింగిల్‌గా (విడి పాటగా) వచ్చి పాప్ చార్టులో 2వ స్థానం దాకా ఎక్కాక, అదే గోర్డీ ఆల్బమ్ తొందరగా కావాలన్నాడు! మే 21న అదీ వచ్చేసింది.

అసలు పాటకి బీజం వేసింది ఫోర్ టాప్స్ బృందం గాయకుడు ఒబీ బెన్సన్. కాలిఫోర్నియాలోని బర్కిలీలో నిరసనకారులను పోలీసులు కొట్టడం చూసి మొదలుపెట్టాడు. గే తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం నుంచి మోసుకొచ్చిన కథలు కూడా ఇందులో కలిశాయి. ఇంటికొచ్చిన సైనికుడు చుట్టూ చూసి 'ఏం జరుగుతోంది ఇక్కడ?' అని అడుగుతున్నట్టే ఉంటుంది ఆల్బమ్ అంతా.

నాకు బాగా నచ్చేది దాని సౌండ్. మొదట్లో వినిపించే శాక్సోఫోన్ ఉంది చూడండి, అది ఎలై ఫాంటెయిన్ ఊరికే వార్మప్ చేసుకుంటుంటే రికార్డయిన ముక్క. గే అదే ఉంచేశాడు. అలాగే విడివిడిగా పాడిన రెండు టేకులు పొరపాటున ఒకేసారి ప్లే అయ్యాయి. తనతో తనే మాట్లాడుకుంటున్నట్టున్న ఆ జంట గొంతు ఆయనకి తెగ నచ్చింది. తర్వాత అదే ఆయన ముద్ర అయిపోయింది.

తెరవెనుక వాయించే మోటౌన్ కళాకారుల పేర్లు కవర్ మీద పడింది కూడా దీనితోనే. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక తన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీన్ని 1వ స్థానంలో పెట్టింది. వినేటప్పుడు మాత్రం షఫుల్ ఆపేయండి, పాటలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతాయి.