రెండు వైపులా పదునుంటే బాకేనా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరి వ్యాపారం. పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద తాతగారి నాటి బాకు ఒకటి దొరికింది. ఎనిమిది అంగుళాలుంటుంది, రెండు వైపులా పదును. ఇంట్లో ఉంచితే కేసు పెడతారని మా బావమరిది భయపెడుతున్నాడు. మా పనివాళ్ల బొండాల కత్తులు అడుగు పొడవుంటాయి. వాటికి లేని కేసు దీనికెందుకు? కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి తనకు పంపమంటున్నాడు, పంపొచ్చా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఇంట్లో ఉన్నంత మాత్రాన కేసు కాదు. 1959 ఆయుధాల చట్టంలో ‘రెండంచుల కత్తి’ అన్న మాటే లేదు. చట్టం చూసేది అంచుల లెక్క కాదు, ఆ వస్తువు దేనికోసం చేసిందీ అని. దాడికో, ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసినా, అలా మార్చుకున్నా అది ఆయుధమే. కేవలం ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసిన పనిముట్లు ఇందులోకి రావు. మీ బొండాల కత్తి అడుగున్నా బయటపడేది అందుకే.

అయితే ‘మార్చుకున్నా’ అన్న మాట మర్చిపోవద్దు. అదే బొండాల కత్తి వెనకవైపు కూడా సానబట్టించి, మొన తీయించి, బండి డిక్కీలో పెట్టుకు తిరిగితే కాయలు కొట్టడానికే అంటే ఎవరూ నమ్మరు. కాయ కొట్టేవాడికి రెండో అంచుతో పనేముంది? రెండంచులు నేరం కావు గానీ, కోర్టులో వస్తువు స్వభావానికి సాక్ష్యం చెబుతాయి.

ఇక బాకు. 2016 ఆయుధాల రూల్సులో మొదటి షెడ్యూలు, అయిదో కేటగిరీలో దాని పేరు నేరుగా ఉంది. ఖడ్గాలు, బాకులు, బాయ్‌నెట్లు, బల్లేలు, కత్తులు అని వరసగా చెప్పి, ‘ఇటువంటి ఇతర ఆయుధాలు, అలుగు (పిడి కాకుండా కోసే భాగం) 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్నవి’ అన్నారు. ఈ కొలత చివరి కత్తులకేనా, ముందున్న బాకులకు కూడానా? వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చు. అందరికీ వర్తిస్తుందంటే మీ ఎనిమిది అంగుళాలది తప్పించుకుంటుంది. బాకుకు కొలతతో పనిలేదంటే చిక్కుతుంది. శిక్ష వేసే చట్టంలో అనుమానం ముద్దాయికి మేలు చేయాలి కాబట్టి నేనైతే మొదటి అర్థం కోసమే వాదిస్తాను.

అసలు దాని కంటే ముందు చూడాల్సింది సెక్షన్ 4. తుపాకీకి దేశంలో ఎక్కడైనా లైసెన్సు కావాలి. కత్తులకు అలా కాదు. కేంద్రం ఏదైనా ప్రాంతాన్ని, ఫలానా రకం ఆయుధాలను నోటిఫై చేస్తేనే అక్కడ వాటికి లైసెన్సు అడగాలి. ఢిల్లీలో 1980 నోటిఫికేషన్ ఉంది. అందుకే అక్కడ 7.62 సెంటీమీటర్ల బటన్ కత్తికీ కేసులవుతుంటాయి. ఉల్లంఘిస్తే సెక్షన్ 25(1బి)(బి) కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఇలాంటి కేసులో ఛార్జిషీటు చేతికి రాగానే నోటిఫికేషన్ కాపీ జతచేశారా లేదా అని వెతకడం లాయరు మొదటి పని.

అలాగని బాకు నడుముకు కట్టుకుని సంతకెళ్లకండి. గొడవల సమయంలో, ఎన్నికలప్పుడు పౌర సురక్షా సంహిత సెక్షన్ 163 కింద (పాత 144) ఆయుధాలతో తిరగకూడదని ఉత్తర్వులిస్తారు. మీ ఇంట్లో కుర్రాళ్లుంటే దాంతో పుట్టినరోజు కేకు కోసి రీలు పెట్టకుండా చూడండి. పోలీసులకు సాక్ష్యం మనమే అప్‌లోడ్ చేసి ఇచ్చినట్టవుతుంది.

(సంక్రాంతి కోడికత్తి సంగతీ అడుగుతుంటారు. భీమవరం బరుల్లో కేసులు పెట్టేది దాని కొలత చూసి కాదండీ. 1960 జంతుహింస నిరోధక చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వేరే ఉన్నాయి.)

అమెరికాకు మాత్రం పంపొద్దు. కాలిఫోర్నియా చట్టం బాకును నిర్వచించింది గానీ అక్కడా అంచుల ఊసు లేదు. పొడవడానికి వెంటనే పనికొచ్చి, తీవ్రంగా గాయపరచగలిగినా, ప్రాణం తీయగలిగినా చాలు, దాన్ని ఒంటిమీద దాచుకు తిరగడం నేరం. ఇంట్లో గోడకు తగిలించుకుంటానని మీ వాడు అనొచ్చు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. వస్తువు వందేళ్లు దాటితే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. పిడి మీద పేరో, సంవత్సరమో ఉందేమో చూడండి. వందేళ్లలోపుదని అనిపిస్తే, పార్శిల్ కట్టకముందే పురావస్తు శాఖ నుంచి ‘ఇది పురావస్తువు కాదు’ అన్న సర్టిఫికెట్ తీసుకోవాలి.