ఎముకను తవ్వే కణాలు, వారానికో మాత్ర

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయని డాక్టరుగారు వారానికి ఒకటి చొప్పున అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర రాశారు. వేసుకున్నాక అరగంట పడుకోవద్దన్నారు. ఎందుకు? అది ఎముకలో ఏం చేస్తుంది?

జవాబు: ఎముకలో పాతదాన్ని తవ్వే కణాలూ, ఆ గుంతను పూడ్చే కణాలూ ఉంటాయి. తవ్వేవి ఆస్టియోక్లాస్టులు. రక్తకణాల వంశానికి చెందిన చిన్న కణాలు కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎన్నో కేంద్రకాలున్న ఒక పెద్ద కణం అవుతాయి. అది ఎముక మీద మూతలా అతుక్కుని, అంచులు బిగించి, అడుగున ఆమ్లం వదులుతుంది. కాల్షియం కరిగిపోతుంది; మిగిలిన కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను ఎంజైములు ముక్కలు చేస్తాయి. గుంత తవ్వడానికి రెండు మూడు వారాలు, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు! నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ తగ్గాక తవ్వకం పెరుగుతుంది, పూడిక వెనకబడుతుంది. ఈ మందు ఎముకకు అంటుకుని ఉంటుంది. ఎముకతోపాటు దాన్నీ మింగిన ఆస్టియోక్లాస్టు చచ్చుబడుతుంది.

వేసుకున్న మందులో నూటికి ఒక వంతు కూడా ఒంటికి పట్టదు. అందుకే పొద్దున్నే పరగడుపున, గ్లాసు నిండా మామూలు మంచినీళ్లతోనే వేయండి. కాఫీ, పాలు, కాల్షియం మాత్ర అరగంట దాటాకే. పడుకుంటే మాత్ర అన్నవాహికలో నిలిచి పుండు చేయొచ్చు. మింగుడు పడకపోయినా, ఛాతీలో మంట పుట్టినా ఆపేసి డాక్టరుకు చెప్పండి. మరిచిపోతే, గుర్తొచ్చిన మర్నాడు ఉదయం ఒకటి. ఒకేరోజు రెండు మాత్రం వద్దు. పన్ను పీకించుకోవాల్సి వస్తే ఈ మందు సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి.